ఘాటీ ఎక్కడున్నది?

ఘాటీ మధ్యలో లారీ ఆగిపోతే దాని చుట్టూ పదిమంది చేరతారు. పదిమందీ కలిసి పదకొండు కారణాలు చెబుతారు. డీజిలులో కల్తీ అనేవాడొకడు, డ్రైవరుకు చేతకాదనేవాడొకడు, బయలుదేరిన వేళ మంచిది కాదని తేల్చే పెద్దమనిషి ఒకడు. బానెట్టు ఎత్తి చూసేవాడు మాత్రం చిట్టచివరికి గాని రాడు.

ఇంటర్నెట్టు సంగతీ ఇంతే. "నెట్టు నత్తనడక నడుస్తోందండీ" అనగానే ఎవరి నోటనైనా వచ్చే జవాబు ఒక్కటే: "లైను బాగులేదు." ఆ లైను ఎక్కడినుంచి ఎక్కడికి? ఎవరు కొలిచారు? కొలిస్తే ఎంత వచ్చింది? ఇలా అడిగామో, అడిగినవాడే తగవులమారి అవుతాడు.

"పాత కంప్యూటరునే రూటరుగా పెట్టుకున్నాము. డబ్బు కట్టినంత వేగం రావడం లేదు. కొత్తది కొనమంటారా?" అని అడిగే పాఠకులు ఎక్కువవుతున్నారు. కొనండి అనడం సులభమే, డబ్బు నాది కాదు గదా! కాని ఆ మాట అనేముందు, పాచిపెంటలో నా కళ్ళ ముందు జరిగిన వ్యవహారం ఒకటి చెబుతాను. చిత్తగించండి.

పాచిపెంట సాలూరు పక్క మండలం. నిన్నమొన్నటిదాకా విజయనగరం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. పెద్దగెడ్డ జలాశయం ఈ మండలంలోదే. 26వ నంబరు జాతీయ రహదారి ఇక్కడి పి. కోనవలస దగ్గర ఘాటీ ఎక్కి, సుంకి మీదుగా కోరాపుట్టు వైపు సాగిపోతుంది. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు కాబట్టి ఆ ప్రాంతంలో ఎవరితో మాట్లాడినా మాట లారీలలో నడుస్తుంది. నాకూ ఆ అలవాటు అంటుకున్నది. పాఠకులు మన్నించాలి.

మా మేనల్లుడు అక్కడ చిన్న కంప్యూటర్ల కేంద్రం నడుపుతున్నాడు. పది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక వేలిముద్ర యంత్రం. పరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్లు, ధ్రువపత్రాలు వగైరా పనులన్నీ అక్కడే. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆధార్ వేలిముద్ర వేసి బ్యాంకు ఖాతాలోని డబ్బు తీసుకోవడం. కొండమీది కొండదొరలు, గదబలు ఉపాధి కూలి డబ్బు కోసం పొద్దున్నే దిగి వస్తారు. వేలు పెట్టడం, డబ్బు తీసుకోవడం, ఉప్పూ పప్పూ కొనుక్కుని చీకటి పడేలోగా మళ్ళీ కొండెక్కడం. ఆ వేలు పెట్టిన క్షణంలో నెట్టు మొరాయించిందంటే అది ఒట్టి చిరాకుతో పోదు. ఒక్కొక్కప్పుడు ఖాతాలో డబ్బు తగ్గిపోతుంది, ఇక్కడ చేతికి మాత్రం రాదు. తిరిగి జమ కావడానికి రోజులు పడుతుంది. ఆ సంగతి ముసలివాళ్ళకు ఎవరు చెప్పగలరు, చెప్పినా ఎవరు నమ్ముతారు?

నేను వెళ్ళేసరికి అలాంటి గొడవే జరిగి ఉన్నది. "బాబూ, నా డబ్బులు ఏటైపోనాయి?" అని ఒక ముసలమ్మ గడప దగ్గర కూర్చుని, కోపం లేకుండా, అడిగిన మాటే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నది. కోప్పడినా బాగుండుననిపించింది.

"మావయ్యా, మాది 100 మెగాబిట్ల లైను. 10 కూడా రావట్లేదు. ఈ కొండల్లో ఇంతే మరి!" అన్నాడు మేనల్లుడు.

కొండల్లో ఎందుకింతే? ఫైబరు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పాచిపెంట నుంచి విశాఖపట్నం చేరడానికి దానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. వెలుగుకు ఘాటీ అంటే భయం లేదు. గాలికి స్తంభం కూలి తీగ తెగితే అసలే రాదు. అతుకు పాడైతే కుంటుతుంది, నిజమే. కాని కొలవకుండా నేరం కొండ మీద మోపడం నాకు నచ్చలేదు.

పాత కంప్యూటరును రూటరు చేయడమంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు. కంప్యూటరుకు రెండు నెట్‌వర్కు కార్డులు ఉంటాయి. ఒకదానికి బయటి లైను, రెండోదానికి లోపలి కంప్యూటర్లు తగిలిస్తారు. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఒకటో, ఒట్టి లినక్సో ఎక్కిస్తే ఆ పాత పెట్టె లోపలివారికీ బయటి ప్రపంచానికీ నడుమ ద్వారపాలకుడవుతుంది. ఎవరికెంత దారి ఇవ్వాలో, ఎవరిని ఆపాలో అదే చూసుకుంటుంది. బజారులో దొరికే చిన్న డబ్బా రూటరు కన్నా దీనివల్ల కరెంటు ఖర్చు ఎక్కువ, చోటూ ఎక్కువ పడుతుంది. అయినా నాకు ఇదే ఇష్టం. ఎందుకంటే డబ్బాకు నోరు లేదు, దీనికి ఉన్నది. జబ్బు చేసినప్పుడు ఎక్కడ నొప్పో చెబుతుంది. అడగడం మాత్రం మనకు తెలియాలి.

ముందు కొలమానం సంగతి. తెరమీద 0.8 అని చూపిస్తున్నది. 100 ఉండవలసిన చోట ఒకటి కూడా లేదని పిల్లవాడి గోల. లైనువారు చెప్పే 100 మెగాబిట్లు; తెరమీద చూపించేది మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. పూర్వం మన ఇళ్ళలో మానికకు రెండు తవ్వలు, కుంచానికి నాలుగు మానికలు. అంటే కుంచానికి ఎనిమిది తవ్వలు. నూరు తవ్వల ధాన్యం తెచ్చి కుంచంతో కొలిచి పన్నెండున్నరే వచ్చిందని మొత్తుకుంటే షావుకారు ఏమి చేస్తాడు? కాబట్టి రావలసింది 12.5. అయినా 12.5 ఎక్కడ, 0.8 ఎక్కడ! లెక్క సరిచేసినా రోగం రోగమే.

ఇక్కడ నేను పట్టుబట్టేది ఒక్కటే: దారిని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్కనూ విడిగా కొలవండి. సాలూరులో బయలుదేరిన లారీ సుంకి చేరడానికి ఆలస్యమైతే, మొత్తం రోడ్డును తిట్టి లాభం లేదు. ఎక్కడ ఆగిందో చూడాలి. దారి అంతా నాలుగు బారలున్నా, ఒకచోట ఒక బారే ఉంటే గంటకు పోయే లారీల సంఖ్యను ఆ ఒక బారే నిర్ణయిస్తుంది. మా మేనల్లుడి దారిలో మూడు ముక్కలున్నాయి. లైనువారి పెట్టెకు అవతల ఉన్న ప్రపంచం ఒకటి, లోపలి కంప్యూటర్లనుంచి రూటరు దాకా రెండోది, రూటరుకూ లైనువారి పెట్టెకూ నడుమ రెండు మూరల కేబులు మూడోది. ఈ మూడోదాన్ని ఎవరూ దారి అనే అనుకోరు. అది ఉన్నదని కూడా గుర్తుండదు.

రూటరును పక్కకు తప్పించి, నా ల్యాప్‌టాప్‌ను నేరుగా లైనువారి పెట్టెకు తగిలించి కొలిచాను. 94 మెగాబిట్లు. మేనల్లుడు నా మొహం వంక చూశాడు. కొండ నిర్దోషి అని అంతటితో తేలిపోయింది.

100 కాక 94 ఎందుకంటారా? అది దోపిడీ కాదు. సరుకుతోపాటు లారీ బరువు కూడా కాటా మీద పడుతుంది గదా! తీగమీద పోయే ఒక్కొక్క పెద్ద మూట, ముందూ వెనకా వదిలే ఖాళీతో సహా, 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో అసలు సరుకు 1448 బైట్లు. తక్కినదంతా చిరునామాలు, సీళ్ళు, ఖాళీ. భాగించి చూడండి, నూటికి 94 వస్తుంది. 94 వస్తున్నవారు హాయిగా నిద్రపోవచ్చును.

తరువాత లోపలి ముక్క. ఐపెర్ఫ్ అని ఒక ఉచిత పరికరమున్నది. రెండు చివరలా దాన్ని నడిపితే నడుమ దారి ఎంత మోస్తుందో చెబుతుంది. బయటి ప్రపంచంతో నిమిత్తం లేదు. ఒక కంప్యూటరు నుంచి రూటరు దాకా కొలిస్తే 940 మెగాబిట్లు. లోపలి కార్డు గిగాబిట్టుది కాబట్టి అదీ దాని నిండుదనమే. ఒక జాగ్రత్త: ఈ పరికరాన్ని రూటరులోనే నడిపితే ఆ పని బరువు కూడా రూటరు మీదనే పడుతుంది. అంకె తక్కువ వస్తే వెంటనే నమ్మరాదు. రూటరుకు అటొకటి ఇటొకటి యంత్రాలు పెట్టి, దాని గుండా పంపి చూడాలి. మాకు అంకె బాగానే వచ్చింది కాబట్టి ఆ తంటా లేకపోయింది.

రూటరు ప్రాసెసరు అలసిపోయిందేమోనని చూశాను. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నది, నూటికి 5 పాళ్ళ పని కూడా లేదు. పెట్టె విప్పితే ఫాను నిండా దుమ్ము, పవరు సప్లై వెచ్చదనంలో కాపురం పెట్టిన బల్లి ఒకటి కనబడ్డాయి. దుమ్ము దులిపాము. బల్లిని మేనకోడలు సాగనంపింది. వేగం అణువంత కూడా మారలేదు.

ఇక మిగిలింది రెండు మూరల కేబులు.

రూటరును బయటి కార్డు సంగతి అడిగాను. "100, ఫుల్ డ్యూప్లెక్స్" అన్నది. తప్పుగా వచ్చిన మూటలెన్ని అని అడిగితే వేలల్లో చెప్పింది. పది నిమిషాలు ఆగి మళ్ళీ అడిగితే ఇంకొన్ని వేలు పెరిగాయి. ఆరోగ్యంగా ఉన్న కేబులు మీద ఈ లెక్క సున్నా దగ్గర కదలకుండా కూర్చోవాలి. లైనువారి పెట్టె తెరిచి అదే ప్రశ్న వేస్తే, అది "100, హాఫ్ డ్యూప్లెక్స్" అన్నది.

నేరస్థుడు దొరికాడు. ఫుల్ డ్యూప్లెక్స్ అంటే రెండు వరసల రోడ్డు, వచ్చేవి వస్తుంటే పోయేవి పోతుంటాయి. హాఫ్ అంటే ఒంటిదారి, అటునుంచి వస్తుంటే ఇటువైపు ఆగాలి. ఇప్పుడు ఒకే దారికి ఒక చివర ఉన్నవాడు అది రెండు వరసలనుకుని లారీలు తోలుతున్నాడు. రెండో చివర ఉన్నవాడు ఒంటిదారి అనుకుని, ఎదురుగా లారీ కనబడగానే గుద్దుకున్నామని తనది మధ్యలో వదిలేస్తున్నాడు. రోజుకు నాలుగు లారీలు తిరిగితే ఈ తగవు బయటపడదు. అందుకనే చిన్న చిన్న మూటలు పంపి చూసే పింగు పరీక్షలో అంతా సవ్యంగా కనబడుతుంది. సరుకు ఎక్కువైనప్పుడే దారి శవాల దిబ్బ అవుతుంది. ఎంతోమంది అనుభవజ్ఞులు సైతం "పింగు బాగుంది, లైనే బాగులేదు" అని మోసపోయేది ఇక్కడే.

ఇది ఎలా వచ్చింది? ఏడాది క్రితం వచ్చిన మెకానిక్కు ఒకడు, స్థిరంగా ఉంటుందని, రూటరు కార్డును ఆటో నుంచి తప్పించి చేత్తో "100, ఫుల్" అని బిగించి పోయాడు. ఆటోలో ఉన్నప్పుడు రెండు చివరలూ ముందుగా పలకరించుకుని ఒక ఒప్పందానికి వస్తాయి. 1995 నుంచి ప్రమాణంగా ఉన్న పద్ధతి అది. ఒకవైపు చేత్తో బిగించేస్తే అది పలకరింపుకు జవాబు చెప్పదు. రెండోవైపు సంకేతాన్ని చూసి వేగం 100 అని పోల్చుకోగలదు గాని, రోడ్డు ఎన్ని వరసలో పోల్చుకోలేదు. తెలియనప్పుడు హాఫ్ అనుకోవాలని నిబంధన. వియ్యంకుల్లో ఒకరు మౌనవ్రతం పడితే రెండోవారు ఏమనుకోవాలో అదే అనుకుంటారు. పూర్వపు రోజుల్లో కొన్ని పాత కార్డుల మధ్య ఈ పలకరింపు సరిగా కుదరని మాట వాస్తవమే. చేత్తో బిగించమనే సలహా ఆనాటిది. ఆ కార్డులు పోయాయి, సలహా మాత్రం బతికే ఉన్నది. రాగి తీగ మీద గిగాబిట్టుకు ఈ ఒప్పందం తప్పనిసరి.

ఆటోకు మార్చాము. రెండు పెట్టెలూ "ఫుల్" అన్నాయి. తప్పుల లెక్క ఆగిపోయింది. రూటరు గుండా 93, 94 వచ్చింది. మేనల్లుడు టీ తెప్పించాడు.

టీ సగం తాగేసరికి వేలిముద్ర యంత్రం మళ్ళీ మొరాయించింది.

ఈసారి రోగం వేరు. మాములుగా పింగు సెకనులో వెయ్యో వంతులు 12 చూపిస్తున్నది. ఉన్నట్టుండి 800, 900కు ఎగబాకుతున్నది. ఎవరో ఒక పిల్లవాడి ఫోను, కేంద్రం వైఫై దొరకగానే, తన పెళ్ళి ఫోటోలన్నిటినీ మేఘాల్లోకి ఎక్కిస్తున్నది. ఈ లైనులో దిగుమతికి 100 ఉన్నా ఎగుమతికి 10 మెగాబిట్లే. ఫోటోలు ఆ పదింటినీ నింపేసి, మిగిలినవి లైనువారి పెట్టెలో వరస కట్టాయి. ఆ వరసకు ఇచ్చిన చోటు ఒక మెగాబైటు అనుకోండి. 8 మెగాబిట్లు, సెకనుకు 10 చొప్పున, ఖాళీ కావడానికి 0.8 సెకను. ముసలమ్మ వేలిముద్ర ఎంత చిన్న మూటయినా ఆ వరస చివరనే నిలబడాలి. జవాబు రావడానికి అలాంటి మూటలు నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరగాలి. ఈలోగా గడువు దాటిపోతుంది.

ఇక్కడ పాత కథ ఒకటి చెప్పక తప్పదు. 1986 అక్టోబరులో, కాలిఫోర్నియాలో, లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ నడుమ నెట్‌వర్కు ఒక్కసారిగా కుప్పకూలింది. రెండింటికీ దూరం 400 గజాలు. సెకనుకు 32 వేల బిట్లు పోయే దారిలో 40 బిట్లు పోయాయి. 40 వేలు కాదు సుమండీ, నలభై! వాన్ జేకబ్సన్ అనే ఆయన, మైకేల్ కారెల్స్ అనే ఆయన తవ్వి చూస్తే, తేలిన దోషం పంపేవారి ప్రవర్తనది. ఒక మూట చేరకపోతే వెనక్కి తగ్గవలసింది పోయి అందరూ మళ్ళీ మళ్ళీ పంపుతున్నారు. రద్దీ మీద రద్దీ. మెల్లగా మొదలుపెట్టి, మూట పోయినప్పుడు తగ్గి, మళ్ళీ పెంచుకునే పద్ధతిని వారు కంప్యూటర్లకు నేర్పారు. 1988లో దానిని ప్రకటించారు. ఇవాళ మన ఫోన్లు మర్యాదగా నడుస్తున్నాయంటే మూలం అదే.

అయితే ఈ మర్యాదకు ఒక ఆధారం కావాలి. మూట పోతేనే గదా, పంపేవాడు రద్దీ ఉన్నదని తెలుసుకునేది! జ్ఞాపకశక్తి చౌక అయిన కొద్దీ పెట్టెలు తయారుచేసేవారు వరసలకు చోటు పెంచుకుంటూ పోయారు. మూట పోదు, ఊరికే నిలబడుతుంది. పంపేవాడు అంతా సవ్యంగా ఉన్నదనుకుని ఇంకా పంపుతాడు. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఆయన తన ఇంట్లోనే ఈ వాపును పట్టుకుని బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో కాత్లీన్ నికొల్స్, పైన చెప్పిన జేకబ్సన్ కలిసి కోడెల్ అనే మందు తయారుచేశారు. మూట వరసలో ఎంతసేపు నిలబడిందో గడియారం పెట్టి చూసి, మితి మీరితే ఒకదాన్ని పారేస్తుంది. ఎవరి వరస వారికి విడదీసే పద్ధతిని దానికి జతచేస్తే ఎఫ్‌క్యూ-కోడెల్ అవుతుంది. ఇది మన పాత కంప్యూటరులో ఉచితంగా దొరుకుతుంది.

మందు వేయడంలో ఒక కిటుకున్నది. వరస లైనువారి పెట్టెలో కడితే దానిమీద మనకు అధికారం లేదు. అందుకని రూటరులో ఎగుమతి హద్దును 10 కాక 9 అని పెట్టాము. ఇప్పుడు ఇరుకు మన పెట్టెలోనే ఉంటుంది, వరసా ఇక్కడే కడుతుంది, ఆ వరసను కోడెల్ చూసుకుంటుంది. పదింట ఒకటి చేజేతులా వదులుకున్నందుకు మేనల్లుడు గింజుకున్నాడు. పెళ్ళి ఫోటోలు ఎక్కుతుండగానే పింగు 25 దగ్గర నిలబడేసరికి ఊరుకున్నాడు. ఇంకో మనిషి వచ్చి వేలు పెట్టాడు. పని అయింది. కాని ముసలమ్మ పాత బాకీ మాత్రం బ్యాంకు తిరిగి జమ చేసినప్పుడే. అది ఏ కేబులుతోనూ తీరేది కాదు. ఆ సంగతి కాగితం మీద వ్రాసి, తేదీ, వేళ, వ్యవహారం నంబరు వేసి ఆమె చేతికి ఇచ్చాము.

ఇతర పాఠకులకు త్వరత్వరగా కొన్ని మాటలు. పాత పీసీఐ గూటిలో కార్డు పెట్టినవారు గిగాబిట్టు మీద ఆశ వదులుకోండి. ఆ బాట సెకనుకు 133 మెగాబైట్లే మోస్తుంది, వచ్చేదీ పోయేదీ కార్డులన్నీ దాన్నే పంచుకోవాలి. మూటలను కలిపి పెద్ద మూటలు చేసే ఆఫ్‌లోడు సదుపాయాలు సర్వరుకు మంచివే, దారి చూపే యంత్రానికి కాదు, తీసివేయండి. పేరూ సంకేతపదమూ ఇచ్చి లైనులోకి ప్రవేశించే పీపీపీఓఈ పద్ధతి ఉన్నవారు మూట పరిమాణం 1500 కాక 1492 అని గుర్తుంచుకోండి. కొన్ని సైట్లు తెరుచుకుంటూ కొన్ని మధ్యలో ఆగిపోతుంటే ముందు దాన్నే అనుమానించాలి. ఆ పద్ధతిలో ప్రాసెసరుకు నాలుగు కోర్లున్నా బరువంతా ఒక్కదానిమీదనే పడవచ్చును. సగటు చూసి సంతోషించక, ఒక్కొక్క కోరునూ విడిగా చూడండి.

బయలుదేరేటప్పుడు మేనల్లుడు అడిగాడు, "మావయ్యా, లైను 200కు పెంచేయమంటావా?" అని. బయటి కార్డు 100ది. కార్డు మార్చకుండా లైను పెంచితే నెలనెలా డబ్బు ఎక్కువ కట్టి అదే 94 తీసుకోవడమవుతుంది. కార్డు మార్చాక కూడా హద్దు అంకె మార్చాలి, లేకపోతే ఎగుమతి 9 దగ్గరే ఉండిపోతుంది. పోనీ, ఎందుకు పెంచాలి? వేలిముద్ర వ్యవహారానికి కావలసింది కొద్ది కిలోబైట్లు. దరఖాస్తుకు ఫోటోతో సహా అంతకన్నా కొంచెం ఎక్కువ. పది కంప్యూటర్లలో ఎన్నింటి మీద చదువు నడుస్తున్నదో, ఎన్నింటి మీద సినిమాలు నడుస్తున్నాయో వారం రోజులు లెక్క వ్రాసి పంపమన్నాను. రూటరును అడిగితే అదే చెబుతుంది.

లెక్క ఇంకా రాలేదు.